నడుము లావైన షాఫ్టు

రెండు సెంటర్ల మధ్య పావు మీటరు పొడవున్న ఇనుప కడ్డీ బిగించి లేత్ ఆన్ చేశారు. టూల్ ఒక కొస నుంచి రెండో కొసకు తనంతట తాను నడిచింది. మధ్యలో ఎవరూ చక్రం ముట్టుకోలేదు, కట్ లోతు మార్చలేదు. తీసి మైక్రోమీటర్ పెట్టి చూస్తే రెండు కొసల్లోనూ 25 మిల్లీమీటర్లే. నడుము దగ్గర మాత్రం 25.05. టూల్ తిన్నగానే వెళ్లింది, కడ్డీ గుండ్రంగానే తిరిగింది. మరి ఆ 0.05 ఎక్కడి నుంచి వచ్చింది?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాల్లో లేత్ షాపు నడిపేవాళ్లకు ఇది కొత్త ప్రశ్న కాదు. 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ నుంచి విడివడి జిల్లాలైన ఈ మూడు చోట్లా కృష్ణమ్మ పక్క నుంచే పారుతుంది. అయినా మెట్ట పొలాల్లో సేద్యం చాలాకాలం బోరు మీదే నడిచింది. బోరు నీళ్లతో పాటు వచ్చే సన్న ఇసుక పంపులోని బుష్‌నీ, షాఫ్టునీ అరగదీస్తుంది. పల్లీకాయ ఒలిచే మిషను, రోటవేటరు, పిండి గిర్నీ, దేంట్లోనైనా తిరిగేది షాఫ్టే, అరిగేదీ అదే. కొత్తది దొరక్కపోతేనో, దాని ధర వింటే గుండె గుభేలుమంటేనో అరిగినదాన్ని లేత్ దగ్గరికి మోసుకొస్తారు. బేరింగ్ కూర్చునే చోట 0.05 తేడా వస్తే ఆ పని దండగే.

కాబట్టి నడుము ఎందుకు లావైందో తెలుసుకోవాలి. జవాబు చిన్నదే: ఇనుము వంగుతుంది.

ఎంత వంగుతుంది?

కోసేటప్పుడు టూల్ ఇనుమును చెక్కడమే కాదు, దాన్ని అవతలికి తోస్తుంది కూడా. కాస్త బరువైన కట్ పెడితే ఆ తోపుడు ముప్పై కిలోల బరువంత ఉండొచ్చు. 25 మిల్లీమీటర్ల కడ్డీని చక్‌లో ఒక్క వైపే పట్టి, పావు మీటరు బయటికి వదిలి, కొసన ఆ ముప్పై కిలోలు మోపితే కొస దాదాపు 0.4 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. కంటికి కనిపించదు. టూల్‌కి మాత్రం తెలుస్తుంది, ఎందుకంటే జరిగిన మేరకు అది కోయలేదు. కోత ఒక వైపు తగ్గితే కడ్డీ చుట్టూ తగ్గినట్టే, కాబట్టి మందంలో తేడా రెట్టింపు, 0.8 మిల్లీమీటర్లు.

అదే కడ్డీని పది సెంటీమీటర్లే బయటికి వదిలితే వంపు 0.026కి పడిపోతుంది. పొడవు రెండున్నర రెట్లు తగ్గింది, వంపు పదిహేను రెట్లకు పైగా తగ్గింది. పొడవు రెట్టింపయితే వంపు ఎనిమిది రెట్లవుతుంది. మందం సగమైతే పదహారు రెట్లవుతుంది. సన్నని పొడవాటి పని చూడగానే మిస్త్రీ మొహం చిట్లించేది ఇందుకే. మందానికి మూడు నాలుగు రెట్లకు మించి బయటికి వదిలితే రెండో కొసకు టెయిల్‌స్టాక్ ఆసరా ఇవ్వాలన్న పాత నియమం కూడా ఈ లెక్క నుంచి పుట్టిందే.

రెండు కొసలకూ ఆసరా ఇస్తే, అంతే పొడవుకి అత్యధిక వంపు పదహారో వంతు అవుతుంది. పావు మీటరు కడ్డీకి 0.025. సెంటర్లు గట్టిగా పట్టుకోవడంతో కొసల దగ్గర అది తోపుడుకి లొంగలేదు. ఏ ఆసరాకూ దగ్గరగా లేని నడుము అవతలికి జరిగి టూల్ నుంచి తప్పించుకుంది. 0.025కి రెట్టింపు 0.05. మనం వెతుకుతున్న అంకె అదే.

కొల్లాపూర్ దగ్గర నార్లాపూర్‌లో పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు పెట్టిన ఒక్కో పంపు 145 మెగావాట్లది. అయిదు హార్స్‌పవర్ బోరు మోటార్లు సుమారు 39 వేలు కలిస్తే అంత. అంత పెద్ద పంపుకి షాఫ్టు తయారుచేసిన చోట కూడా వంపు లెక్క ఇదే, అంకెలే వేరు.

■ బాక్స్: తప్పు ఆకారం చూసి కారణం పట్టడం

నడుము లావు, కొసలు సరి: కడ్డీ మధ్యలో వంగింది. కట్ తగ్గించాలి, లేదా మధ్యలో స్టెడీ రెస్ట్ పెట్టాలి.

చక్ దగ్గర సరి, బయటి కొస లావు, టెయిల్‌స్టాక్ లేదు: కడ్డీ కొస వంగింది. తక్కువ బయటికి వదలాలి.

టెయిల్‌స్టాక్ పెట్టినా ఒక కొస నుంచి రెండో కొసకు సమంగా లావెక్కడమో సన్నబడటమో జరిగింది: టెయిల్‌స్టాక్ పక్కకు జరిగి ఉంది. మనవైపు జరిగితే ఆ కొస సన్నబడుతుంది, అవతలికి జరిగితే లావెక్కుతుంది.

ఏది ఏదో తేలకపోతే డయల్ ముట్టకుండా టూల్‌ను అదే దారిలో ఇంకోసారి నడపండి. మళ్లీ సన్నని పొట్టు లేస్తే వంపు ఉన్నట్టే. ఇందాక తప్పించుకున్న ఇనుము ఇప్పుడు తెగుతోంది. పొట్టు లేవకుండా తేడా అలాగే ఉండిపోతే టెయిల్‌స్టాక్‌ను అనుమానించండి.

ఎత్తులో తప్పు పోనీ, పక్కకు పోతే ఒప్పుకోదు

పాత లేత్ కొనేవాళ్లందరికీ ఒకటే భయం, బెడ్ అరిగిందేమోనని. అరిగే ఉంటుంది. ఎక్కువ పని చక్ దగ్గరే జరుగుతుంది కనుక అక్కడే ఎక్కువ అరుగుతుంది. టూల్‌ను మోసుకుంటూ బెడ్ మీద నడిచే సాడిల్‌ను చక్ దగ్గర సరిపడా బిగించి టెయిల్‌స్టాక్ వైపు తోయండి. అరిగిన బెడ్ అయితే ఆ కొసకు వెళ్లేసరికి బిగిసిపోతుంది. చేత్తో చేసే పరీక్ష ఇది, డబ్బు ఖర్చు లేదు.

కానీ కాస్త అరిగినంత మాత్రాన లేత్ పనికిరాకుండా పోదు. ఇక్కడో చిత్రముంది. బెడ్ అరిగి టూల్ 0.1 మిల్లీమీటరు కిందికి దిగిందనుకోండి. 25 మిల్లీమీటర్ల కడ్డీ మందంలో వచ్చే మార్పు 0.001 కంటే తక్కువ. ఎందుకంటే టూల్ మొన కడ్డీ నడిమి ఎత్తులో ఉన్నప్పుడు, దాని ముందున్న అంచు దాదాపు నిలువు గోడ. గోడ వెంట కాస్త పైకి జరిగినా కిందికి జరిగినా గోడకు దూరం మారదు. అదే 0.1 పక్కకు జరిగితే మందం 0.2 మారిపోతుంది. ఒకే తప్పు, దిక్కు మారితే ఫలితం రెండు వందల రెట్లకు పైగా తేడా. పైనుంచి చూస్తే గీతలు పడి వికారంగా కనిపించే లేత్ మీద శుభ్రమైన పని రావడం, మెరిసే కొత్త లేత్ మీద కడ్డీ వంకర రావడం నేను నమ్మేది ఇందుకే.

మెరిసే లేత్ ఎందుకు తప్పుతుందంటే, నేల వల్ల. వందల కిలోల పోత ఇనుప బెడ్ ఎలా వంగుతుందని అడక్కండి. ఒక కోడు పొట్టిగా ఉన్న మంచం మీద కూర్చుంటే పట్టెలు మెలిక తిరిగినట్టే, నాలుగు కాళ్లలో ఒకదాని కింద సందు వదిలి బోల్టు బిగిస్తే బెడ్ కూడా మెలిక తిరుగుతుంది. బెడ్ వెడల్పు 250 మిల్లీమీటర్లు, టూల్ మొన బెడ్ మీద నుంచి 200 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. బెడ్ ఒక అంచు కాగితం మందమంత, అంటే 0.1 లేస్తే టూల్ మొన 0.08 పక్కకు ఊగుతుంది. పక్కకు కనుక రెట్టింపు, 0.16.

దీన్ని పట్టడానికి ఖరీదైన లెవెల్ లేకపోయినా ఫరవాలేదు. లావుపాటి కడ్డీని చక్‌లో మాత్రమే పట్టి, నూటయాభై మిల్లీమీటర్ల దూరంలో రెండు కాలర్లు వదిలి మధ్యభాగం తగ్గించండి. డయల్ కదపకుండా రెండు కాలర్ల మీదా ఒకే సన్నని కట్ పెట్టి కొలవండి. కట్ సన్నం, కడ్డీ లావు కనుక వంపు పాత్ర దాదాపు ఉండదు. రెండు మందాలూ సమానమైతే బెడ్ తిన్నగా కూర్చున్నట్టు. కాకపోతే టెయిల్‌స్టాక్ వైపు కాళ్లలో ఒకదాని కింద సన్నని రేకు పెట్టి బిగించి మళ్లీ కోయాలి. ఓపిక పని. కొత్త లేత్ తెచ్చినవాళ్లు మొదటి రోజే చేయాల్సిన పని ఇది, చేసేవాళ్లు తక్కువ.

అరుపు వస్తే ఫీడ్ పెంచమంటారేమిటి?

కోస్తుండగా లేత్ కీచుమంటుంది, కడ్డీ మీద చేప పొలుసుల్లా గీతలు పడతాయి. కొత్తవాడు భయపడి ఫీడ్, అంటే టూల్ ముందుకు నడిచే వేగం, తగ్గిస్తాడు. అరుపు పెరుగుతుంది. పక్కనున్న ఉస్తాద్ “స్పీడు తగ్గించు తమ్మీ, ఫీడ్ పెంచు” అంటాడు. వినడానికి తలకిందుల సలహా. కారణం చూస్తే సబబే.

ఒకసారి ఏదో కుదుపుకి టూల్ వణికి కడ్డీ మీద అల వదిలింది. కడ్డీ ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి టూల్‌కి ఎదురయ్యేది ఆ అలే. ఎత్తు వచ్చినప్పుడు తోపుడు పెరుగుతుంది, పల్లం వచ్చినప్పుడు తగ్గుతుంది. ఆ ఎగుడుదిగుడు మళ్లీ వణికిస్తుంది, కొత్త అల పాత అలను పెంచుతుంది. చుట్టు చుట్టుకీ అప్పు మీద వడ్డీలా పెరిగిపోయే ఈ వణుకుకి స్పీడు మారిస్తే తాళం తప్పుతుంది, ఎత్తూ పల్లం మునుపటి చోట ఎదురుకావు. ఫీడ్ మరీ తక్కువైతే టూల్ కోయలేక ఇనుము మీద రుద్దుతూ జారుతుంది. రుద్దుడు వణుకును రేపుతుంది. ఫీడ్ పెంచితే మొన ఇనుములోకి దిగి కుదురుకుంటుంది.

ఇంత చేసినా ఆగకపోతే టూల్‌పోస్ట్ నుంచి టూల్ ఎంత బయటికి వచ్చిందో చూడండి. కడ్డీకి చెప్పిన పొడవు లెక్క టూల్‌కీ వర్తిస్తుంది. తర్వాత మొన ఎత్తు. లేత్ ఆపి, టూల్ మొనకీ కడ్డీకీ మధ్య స్టీలు స్కేలును మెల్లగా నొక్కి పట్టండి. నిలువుగా నిలిస్తే మొన నడిమి ఎత్తులో ఉంది. స్కేలు పైకొస మన నుంచి దూరంగా వాలితే టూల్ ఎత్తుగా ఉంది, మనవైపు వాలితే కిందికి ఉంది.

ఎండ తప్పు కాదు, తేడా తప్పు

ఇక అసలు చిక్కు, బేరింగ్. మోటార్లలో మామూలుగా వాడే 6205 బేరింగ్ తీసుకుందాం. దాని లోపలి రంధ్రం పేరుకి 25 మిల్లీమీటర్లు. తయారీదారు ఇచ్చే హామీ 25.000 నుంచి 24.990 మధ్య. షాఫ్టుతో పాటు లోపలి రింగు తిరగాలంటే షాఫ్టు దానికంటే రవ్వంత లావుండాలి. అందుకు సాధారణంగా తీసుకునే హద్దు 25.002 నుంచి 25.015. ఈ కిటికీ వెడల్పు 0.013 మిల్లీమీటర్లు, తలవెంట్రుక మందంలో సుమారు అయిదో వంతు.

అంతకంటే సన్నబడితే రింగు షాఫ్టు మీద జారుతుంది. జారినకొద్దీ అరుగుతుంది, వేడెక్కుతుంది, షాఫ్టు మీద నీలం మచ్చ పడుతుంది. అంతకంటే లావైతే లోపలి రింగు సాగి, గోళీలకు ఉండాల్సిన సందు పోతుంది, మోటారు బరువుగా తిరిగి కాలిపోతుంది. రైతు మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకటే అంటాడు, బేరింగ్ మంచిది కాదని.

ఈ కిటికీని తప్పించే పెద్ద దొంగ వేడి. ఉక్కు ఒక డిగ్రీకి మీటరుకి సుమారు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. కోత ముగిసిన వెంటనే చేయి కాలేంత వేడిలో, చుట్టూ గాలి కంటే 45 డిగ్రీలు ఎక్కువగా ఉన్న 25 మిల్లీమీటర్ల షాఫ్టు దాదాపు 0.0135 లావుగా కనిపిస్తుంది. అంటే మనకున్న కిటికీ మొత్తాన్ని వేడి ఒక్కటే మింగేస్తుంది. కొలిచినప్పుడు సరిగ్గా ఉన్నది చల్లారాక వదులైపోతుంది. టీ తాగి వచ్చి కొలవమనే మిస్త్రీ బద్ధకస్తుడు కాడు.

మే నెలలో గద్వాల రేకుల షెడ్డు 42 డిగ్రీల్లో ఉడుకుతుంటే ఇంత సన్నని కొలత సాధ్యమా అని అడుగుతారు. సాధ్యమే. కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. అయితే షాఫ్టూ ఉక్కే, మైక్రోమీటరూ ఉక్కే, బేరింగూ ఉక్కే. మూడూ ఒకే నీడలో ఒకే వేడికి వచ్చేస్తే మూడూ ఒకే దామాషాలో సాగుతాయి, తేడా రద్దయిపోతుంది. మైక్రోమీటర్‌ను ఎండ పడేచోట పెట్టి, షాఫ్టును నీడలో ఉంచితేనే ముప్పు.

ఇదే వేడిని మన వైపు తిప్పుకోవచ్చు. బేరింగ్‌ను శుభ్రమైన నూనెలో 100 డిగ్రీలకు వేడి చేస్తే దాని రంధ్రం దాదాపు 0.02 పెరుగుతుంది. సుత్తి లేకుండా జారి కూర్చుంటుంది, చల్లారాక పట్టేస్తుంది. గ్యాస్ మంట పెడితే మాత్రం ఒక చోట ఎర్రబడి ఉక్కు గట్టిదనం పోతుంది. బయటి రింగు మీద సుత్తి దెబ్బ కొడితే గోళీల దారిలో గుంట పడుతుంది. రెండూ చేసేవాళ్లు ఇంకా ఉన్నారు.

వదులైన షాఫ్టు మీద సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టి బేరింగ్ ఎక్కించడం ఊరూరా తెలిసిన కిటుకు. చుక్క చుట్టూ ఇనుము ఉబుకుతుంది, ఆ ఉబుకులే బేరింగ్‌ను పట్టుకుంటాయి. మొత్తం చుట్టు మీద పడాల్సిన భారం కొన్ని మొనల మీద పడుతుంది, అవి నలిగిపోగానే మళ్లీ వదులు. సీజన్ మధ్యలో పైరు ఎండిపోతుంటే చేసుకోండి, తప్పు పట్టను. పంట చేతికొచ్చాక వెల్డింగ్ పోసి కోయించుకోవాలి. వెల్డింగ్ వేడికి షాఫ్టు వంగుతుంది గనుక కోసే ముందు డయల్ గేజ్ పెట్టి ఊగుడు చూడమని అడగండి.

■ బాక్స్: 127 పళ్ల గేరు ఎందుకు?

పాత లేత్‌ల గేర్ల పెట్టెలో 127 పళ్ల గేరు ఒకటి దొరుకుతుంది. ఏ లెక్కకూ లొంగని అంకెలా కనిపిస్తుంది. మరలు కోసేటప్పుడు సాడిల్‌ను లాగే లీడ్ స్క్రూ అంగుళాల లెక్కలో ఉంటే, మిల్లీమీటర్ మర ఎలా కోయాలి? అంగుళం 25.4 మిల్లీమీటర్లు. దానికి అయిదు రెట్లు సరిగ్గా 127. అంగుళాన్నీ మిల్లీమీటరునీ మిగులు లేకుండా కలిపే అతి చిన్న పూర్ణాంకం అదే. మన దేశం 1950ల చివర్లో మెట్రిక్ కొలతలకు మారింది. పైపులు, వాటి మరలు ఈనాటికీ అంగుళాల్లోనే అడుగుతాం, మిస్త్రీ సూత్‌లలో చెబుతాడు, కొత్త ట్రాక్టర్ బోల్టులు మిల్లీమీటర్లలో వస్తాయి. ఆ గేరును తుక్కులో వేయకండి.

సలహా ఎక్కడ దొరుకుతుంది?

ఏటికొప్పాక బొమ్మలు చేసే తరిమెన, అంటే చెక్క లేత్, మీద ఉలిని చేత్తో పట్టుకుంటారు, కన్నూ చేయీ కలిసి ఆకారం తీస్తాయి. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే టూల్‌ను చేతి నుంచి తీసి జారే బల్లకు బిగించి, దాన్ని మరతో, గేర్లతో నడిపాడు. నైపుణ్యం యంత్రానికి చేరిందని అప్పట్లో అనుకున్నారు. సగమే నిజం. యంత్రం ఎక్కడ వంగుతుందో, ఎప్పుడు వేడెక్కుతుందో తెలిసిన మనిషి ఇంకా కావాలి.

ఆ తెలివిడి మాన్యువల్‌లో తక్కువగా ఉంటుంది. బ్రిటన్‌లో ఇంటి వెనక షెడ్డుల్లో చిన్న లేత్‌లు పెట్టుకున్న ఔత్సాహికులు 1898 నుంచీ మోడల్ ఇంజనీర్ అనే పత్రికలో ఇలాంటి కిటుకులు ఒకరికొకరు రాసుకుంటున్నారు. మన దగ్గర అది మాటగానే సాగింది. సికింద్రాబాద్‌లో 1943లో మొదలైన ప్రాగా టూల్స్, 1953లో బెంగళూరులో పుట్టిన హెచ్‌ఎంటీ లాంటి యంత్ర తయారీ సంస్థల చేతుల మీదుగా ఈ విద్య నేర్చినవాళ్లు ఎందరో. వనపర్తిలో రాజావారి కోటలో 1959 నుంచి నడుస్తున్న పాలిటెక్నిక్ తరాల కుర్రాళ్లకు వర్క్‌షాపు చూపించింది.

పెద్ద చదువు లేనివాళ్లూ ఈ దారిలో నడిచారు. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేశాడు. నేతకు నూలు చుట్టి ఆసు పోసే తల్లి భుజాల నొప్పి చూడలేక, ఏళ్ల తరబడి విడిభాగాలు కూర్చుకుంటూ 1999లో లక్ష్మీ ఆసు యంత్రం నిలబెట్టాడు. ఆఖరి చిక్కుముడి విడిపోయింది హైదరాబాద్ బాలానగర్‌లో ఒక యంత్రం కదలిక చూశాకే. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంకొకరి షెడ్డులో తిరుగుతున్న యంత్రాన్ని నిలబడి చూడనివ్వడం ఎంత పెద్ద సాయమో ఆయన కథలో ఉంది.

అందుకని మిస్త్రీలకు ఒక విన్నపం. షాపు ముందు నిలబడి చూసే కుర్రాణ్ని పొమ్మనకండి. పాలిటెక్నిక్, ఐటీఐ మాస్టార్లకు ఇంకొకటి: పదవీ విరమణ చేసిన టర్నర్లను పిలిపించి వాళ్లు చెప్పేది రాయించండి, మన జిల్లాల మోటార్లకూ మన ఇసుకకూ పనికొచ్చే మాటలు వాళ్ల దగ్గరే ఉన్నాయి.

ఇంట్లో చిన్న లేత్ పెట్టుకోబోయేవాళ్లకు రెండు ముక్కలు. తిరిగే జాబ్ దగ్గర చేతి గ్లవ్‌లు వేసుకోకండి, కండువా, చున్నీ, పొడుగు చేతుల చొక్కా వద్దు. ఎమరీ గుడ్డను వేళ్లకు చుట్టుకుని పట్టుకోకండి. స్విచ్ వేసే ముందు చక్ కీ ఎక్కడుందో చూసుకోండి. చక్‌లో మరిచిపోయిన కీ బుల్లెట్‌లా లేచి వస్తుంది.